గోడ అవతలి చుక్కతీగ

అనగా అనగా, రాజులు గుర్రాల మీదా, వర్తకులు ఎడ్లబళ్ళ మీదా, వార్తలు పేరంటాల మీదుగా తిరిగే రోజుల్లో, విరులవీడు అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో పెరడు లేని ఇల్లు లేదు. తీగ పాకని పెరడు లేదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ఏటా వసంతం రాగానే రాణిగారు పల్లకీ దిగి, వీధి వెంట నడిచి, ఇంటింటి పెరడూ చూసేది. కోసి పళ్ళెంలో పెట్టిన పువ్వులు చూసేది కాదు. కోసిన పువ్వు పొరుగింటి నుంచైనా తెచ్చుకోవచ్చు కదా. తీగ మీద ఉన్న పువ్వునే చూసేది. ఏ పెరటి పువ్వు ఆమె మనసుకు నచ్చితే ఆ పెరట్లోనే చాపలు పరిచి పేరంటం చేసేవారు. ఆ ఇల్లాలికి రాణి చేతి తొలి తాంబూలం దక్కేది. అక్కడితో అయిపోయేది కాదు. ఆ ఏడాదంతా ఊళ్ళో నోమైనా, సీమంతమైనా, బారసాలైనా, ముందు బొట్టు ఆమెకే, ముందు తాంబూలం ఆమెకే.

తాంబూలమంటే ఏముంది? రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక అరటిపండు, గుప్పెడు నానబెట్టిన శనగలు. తినడానికి కూర్చుంటే చిటికెలో అయిపోతుంది. కానీ దాన్ని మొదట అందుకోవడమూ, తరవాత అందుకోవడమూ ఒకటి కాదని ఆ ఊరి ఆడవాళ్ళు అనుకునేవారు. మగవాళ్ళు ఇది చూసి నవ్వేవారు. ఆ నవ్వినవాళ్ళే సంతర్పణలో ముందు పంక్తిలో విస్తరి దొరక్కపోతే అలిగి ఇంటికి వెళ్ళిపోయేవారు. అది వేరే కథ.

ఈ కథ పేరిందేవిది. చాలా ఏళ్ళుగా తొలి తాంబూలం ఆమెదే. ఆమె పెరట్లో ఒక సన్నజాజి పందిరి ఉండేది. అది పూసిందంటే వీధి చివర ఉన్నవాళ్ళకు కూడా తెలిసేది. పేరిందేవి పేరంటానికి వెళితే గడపలోనే ఒక్క క్షణం ఆగేది. లోపల ఉన్నవాళ్ళు లేచి, జరిగి, ముందు చోటు ఖాళీ చేసేవారు. ఆ ఒక్క క్షణం కోసమే ఆమె ఏడాదంతా నీళ్ళు మోసేది.

గోడ అవతల ఆమె తోడికోడలు నాంచారి ఉండేది. ఒకప్పుడు అదంతా ఒకటే ఇల్లు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు గదులు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, పెరటి మధ్య భుజాలెత్తు గోడ ఒకటి కట్టారు. కట్టింది అన్నదమ్ములే అయినా, దాన్ని రోజూ నిలబెడుతూ వచ్చింది పేరిందేవే. నాంచారి వయసులో చిన్నది. చంకలో పాప, చేతిలో పని, నోట్లో పాట. పాట ఎప్పుడూ సగమే వచ్చేది, ఆ సగమే పాడుకునేది. అదొక్కటి చాలు, పేరిందేవికి ఒళ్ళు మండడానికి.

ఆ ఏడు వైశాఖంలో పెద్ద గాలివాన వచ్చింది. పైకప్పుల మీది పెంకులు ఎగిరి పడ్డాయి. పేరిందేవి సన్నజాజి పందిరి కూలి, తీగ మొదలంటా విరిగిపోయింది. ఆ వానలోనే ఉత్తరాది కొండల నుంచి వస్తున్న ఒక వర్తకుడు వాళ్ళ వీధి అరుగు మీద తలదాచుకున్నాడు. తెల్లవారి వెళ్తూ వెళ్తూ, అన్నం పెట్టిన ఇంటికి ఊరికే పోకూడదని, తడిగుడ్డలో చుట్టిన రెండు తీగమొక్కలు తీసి ఇచ్చాడు.

"అమ్మా, ఇవి మా కొండల్లో పూసే తీగలు. చుక్కల్లాంటి పువ్వులు, నీలం రంగువి. ఒకటి మీకు, ఒకటి మీ తోడికోడలికి. జాగ్రత్తగా వినండి. ఈ తీగకు తల ఎండలో ఉండాలి, పాదం నీడలో ఉండాలి. ఏడాదికోసారి మొండిగా కత్తిరించాలి. అప్పుడే..."

"ఆఁ, ఆఁ," అంది పేరిందేవి. ఆమె కళ్ళు రెండు మొక్కల మీదే ఉన్నాయి. ఏది పొడుగు? దేనికి ఆకులు ఎక్కువ? వర్తకుడి మాటలు చెవిన పడ్డాయి కానీ లోపలికి పోలేదు. ఆమె పొడుగు మొక్కను తను ఉంచుకుంది. పొట్టిదాన్ని గోడ మీదుగా నాంచారికి అందించింది.

"పువ్వులు పూస్తుందట. నీళ్ళు పొయ్యి," అంది. అంతకు మించి చెప్పడానికి ఆమెకూ తెలియదు.

ఊరివాళ్ళు ఆ మొక్కకు చుక్కతీగ అని పేరు పెట్టారు. పేరిందేవి దాన్ని తులసికోటలా చూసుకుంది. రోజూ తెల్లవారే లేచి దాని మొదలు చుట్టూ అద్దంలా ఊడ్చేది. ఒక్క ఆకు, ఒక్క పుల్ల ఉండనిచ్చేది కాదు. కళ్ళాపి చల్లేది, ముగ్గు పెట్టేది. శుక్రవారం పాలు పోసేది. మధ్యాహ్నమయ్యేసరికి ఆ ముగ్గు మీద నిలబడితే అరికాళ్ళు కాలేవి. చూడవచ్చినవాళ్ళు మాత్రం, ఎంత శుభ్రమో, అనేవారు. అది విని ఆమె మర్నాడు ఇంకొంచెం గట్టిగా ఊడ్చేది.

అవతల నాంచారి తన మొక్క పక్కన నాలుగు వెదురు పుల్లలు పాతింది. అరటినారతో తీగను వదులుగా కట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. పాప ఏడిస్తే అది కూడా మరిచిపోయేది.

పేరిందేవికి అవతలి మొక్క ఎలా ఉందో తెలుసుకోవాలని ప్రాణం లాగేది. కానీ గోడ మీదుగా తొంగిచూస్తే పట్టించుకున్నట్టు అవుతుంది. పెద్ద కోడలు పట్టించుకోకూడదు. అందుకని గోడ మీది తొండను అడిగేది. ఆ రోజుల్లో తొండలు మాట్లాడేవి. ఇప్పుడు తలూపి ఊరుకుంటున్నాయి, అడిగేవాళ్ళు లేక. ఆ తొండ ఎవరి పక్షమూ కాదు. దానికి కావలసింది ఎండ ఒక్కటే, గోడకు రెండు వైపులా అది దొరికేది.

"ఏమోయ్, అవతలి మొక్క ఎలా ఉంది?"

"కొత్త చిగురు వేసింది," అంది తొండ, తలూపుతూ.

"మరి నాది?"

"నీది కొస వాడింది. అది నీకే కనిపిస్తోంది కదా."

పేరిందేవికి ఆ రోజు అన్నం సయించలేదు. పొట్టి మొక్కకు చిగురా? పాటలు పాడుకునే దానికి చిగురా? పెరట్లో ఒక మూల, గాలివానకు పగిలిన పెంకుల కుప్ప ఉంది. ఆమె గంపతో ఎత్తి, గోడ మీదుగా అవతల తీగ మొదట్లో గుమ్మరించింది. వేళ్ళకు ఊపిరాడక అదే చస్తుందనుకుంది.

ఎండలు ముదిరాయి. ఆమె తొండను అడిగింది.

"చచ్చిందా?"

"చావలేదు. నడుమెత్తు పాకింది."

ఆమె ఇంకా ఆ మాట మింగకముందే నాంచారి గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కయ్యా, మీరు వేసిన పెంకులు ఎంత మేలు చేశాయో. మొన్న ఒకటి ఎత్తి చూద్దును కదా, కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. ఎర్రటి ఎండలో నేను నీళ్ళు మరిచిపోయినా బతికిపోయింది. అలాగే ఉంచేశాను."

"వెయ్యలేదు. జారి పడ్డాయి," అంది పేరిందేవి.

"జారినా సరైన చోట జారాయి లెండి."

నాంచారి నవ్వి వెళ్ళిపోయింది. పేరిందేవి ఆ నవ్వును రోజంతా నెమరేసింది. ఎంత ఎత్తిపొడుపు. ఎంత నంగనాచి. తెలిసే అంది, కావాలనే అంది. మనసులో కుళ్ళు ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ మంచి మాట కూడా ముల్లులానే దిగుతుంది. ఆమెకు ఆ మాటలో కృతజ్ఞత ఉండవచ్చుననే ఊహే రాలేదు.

శ్రావణం వచ్చింది. నోముల మాసం. ఆ నెలంతా పేరిందేవి ప్రతి పేరంటానికీ వెళ్ళి, ముందు చోట కూర్చుని, ముందు తాంబూలం అందుకుంది. అందుకుంటున్నప్పుడల్లా, వచ్చే శ్రావణానికి ఈ చోట ఎవరు కూర్చుంటారో అనే ఆలోచన వచ్చి నోట్లో శనగలు ఇసకలా అయ్యేవి. ఒక పేరంటంలో ఎవరో ఊరికే అన్నారు, "మీ నాంచారి తీగ బాగా వస్తోందటగా," అని. ఊరికే అన్న మాటే. ఆమె ఇంటికి వచ్చి నీళ్ళపొయ్యిలో చల్లారిన బూడిదంతా చేటలోకి ఎత్తింది. ఆ ఊళ్ళో ఒకరి మీద బూడిద చల్లడమంటే, వాళ్ళ ఇల్లు బూడిద కావాలని. ఆ సంగతి తెలిసే గోడ మీదుగా అవతలి తీగ మొదట్లో చల్లింది. రోజూ చల్లింది. వాన దాన్ని మట్టిలోకి ఇంకించింది.

"చచ్చిందా?"

"చావలేదు. కాండం వేలంత లావైంది," అంది తొండ. "ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కింద నీడగా ఉంటోందని ఇప్పుడు పురుగులు కూడా చేరాయి. నాకు భోజనం బాగుంది."

ఆ సాయంత్రం నాంచారి ఒక గిన్నెడు పాయసం పంపింది. పేరిందేవి మొగుడు పేరయ్య అంతా తాగి, గిన్నె అడుగు వేలితో తుడిచి, "బాగుంది. ఏమిటి విశేషం?" అని అడిగాడు.

"బూడిద," అంది పేరిందేవి.

"అదేమిటి?"

"మొక్కకు బూడిద వేసి పోషిస్తున్నానట. దానికి పాయసమట. వెక్కిరింత కాకపోతే ఏమిటి?"

పేరయ్య కాసేపు ఆలోచించాడు. "వెక్కిరింతకు జీడిపప్పు వేస్తారా?" అన్నాడు. ఆమె గిన్నె లాక్కుని వెళ్ళిపోయింది.

చలికాలం వచ్చింది. పేరిందేవి తీగ పొడుగైతే పెరిగింది కానీ, కింద మొత్తం బోసిగా, చిట్టచివర నాలుగు ఆకులతో, బక్కచిక్కిన ఒంటెలా నిలబడింది. ఎండిన కొమ్మలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. పేరయ్య ఒకసారి కత్తి తీసుకుని వాటి దగ్గరికి వెళ్ళాడు.

"పచ్చని తీగ మీద కత్తి పెడతారా? ఇంటికి అరిష్టం," అని ఆమె అడ్డం పడింది.

"పచ్చగా ఎక్కడుంది?" అన్నాడు పేరయ్య. కానీ కత్తి లోపల పెట్టేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉండాలనుకునే మనిషి ఆయన. అలాంటివాళ్ళ వల్ల ప్రశాంతత వస్తుందో లేదో నేను చెప్పలేను.

వసంతం దగ్గరపడుతోంది. ఇక ఒక్కటే దారి అనుకుంది పేరిందేవి. ఆమెకు ఒక మేక ఉండేది. దానికి కనబడిందల్లా మేతే, ఆరేసిన చీర కొంగుతో సహా. నాంచారి పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళిన రోజు చూసి, పట్టపగలే, మేకను ఎత్తి గోడ అవతల దించింది. మేక తీగను మోకాలెత్తు మోడు మాత్రం మిగిల్చి మిగతాదంతా నమిలేసింది. ఆ ఆకు కారంగా ఉంటుంది కాబోలు, రోజంతా మూతి గోడకేసి రుద్దుకుంటూ తుమ్మింది.

"మేక గోడ దూకిందా, నువ్వు దూకించావా?" అన్నాడు పేరయ్య.

"దానికి కాళ్ళు లేవా?" అంది ఆమె.

నాంచారి తిరిగి వచ్చి ఆ మోడు చూసి, పాపను కిందికి దించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పేరిందేవి గోడ ఇవతల నుంచి విన్నది. ఆ పూట కడుపునిండా తిన్నది. చాలా నెలల తరవాత హాయిగా నిద్రపోయింది కూడా.

మాఘం దాటాక తొండను అడగడానికి వెళ్ళింది. ఈసారి అడగవలసిన అవసరం లేకపోయింది. గోడ మీద తొండ కనబడలేదు. తొండ ఉండే చోట లేత చిగుళ్ళు ఉన్నాయి. మోడు మొదట్లోంచి గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు లేచి, ఎండ వెతుక్కుంటూ గోడ ఎక్కి, పేరిందేవి వైపు తొంగిచూస్తున్నాయి.

ఆమె చీపురు కర్రతో వాటిని అవతలికి నెట్టింది. మర్నాటికి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ నెట్టింది. ఇంకా ఎక్కువ వచ్చాయి. ఫాల్గుణం పోయి చైత్రం వచ్చేసరికి గోడంతా నీలం. ఒక్కో పువ్వు అరచేయంత చుక్క. పూలు ఇటు ఆమె వైపే ఎక్కువగా వేలాడాయి, ఎండ ఇటే ఎక్కువ కాబట్టి. ఆమె పెరట్లో ఎటు చూసినా నాంచారి పువ్వులే. కిటికీ మూసుకుని కూర్చున్నా ఆ నీలం కళ్ళలోంచి పోయేది కాదు.

రాణి వచ్చే రోజు వచ్చింది. ఊరి ఆడవాళ్ళంతా వెంట ఉన్నారు. ముందు పడేది పెద్దకోడలి ఇల్లే. పెరట్లో అడుగు పెడుతూనే రాణి ఆగిపోయింది. గోడ మీదుగా జలపాతంలా జారిన పువ్వుల ముందు నిలబడి, ఒక పువ్వును అరచేతిలో నిలిపి చూసింది.

"ఈ తీగ పెంచిన చెయ్యి ఎవరిది?" అని అడిగింది.

పేరిందేవి గోడ వంక చూసింది. పువ్వులు తన పెరట్లోనే ఉన్నాయి. నాదే అంటే ఎవరు కాదంటారు? ఆమె ఇంకా నోరు తెరవలేదు. గోడ అవతల నుంచి నాంచారి, పాపను చంక మార్చుకుంటూ, తీగ పక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, వేరు నా వైపు ఉంది. చెయ్యి మాత్రం మా అక్కయ్యది."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను నీళ్ళు పోశాను, నార కట్టాను, అంతే. ఎండాకాలంలో పెంకులు వేసి దీని పాదం చల్లగా ఉంచింది మా అక్కయ్య. వానాకాలమంతా బూడిద వేసింది ఆవిడే. చలికాలంలో ఆవిడ మేక వచ్చి మొండిగా కొరికేసింది. అప్పుడు నేను ఏడ్చాను కానీ, అలా కొరికినచోట నుంచే ఇదంతా వచ్చింది. తొలి తాంబూలం ఆవిడకే ఇవ్వాలి."

అయిపోయింది, ఇంత మందిలో పరువు తీసింది అనుకుని, పేరిందేవి నాంచారి మొహంలోకి చూసింది. ఆ మొహంలో దాచుకున్న నవ్వు ఎక్కడుందా అని వెతికింది. కళ్ళలో వెతికింది, పెదవుల చివర వెతికింది. ఎక్కడా లేదు. ఏడాదంతా లేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

రాణి సంతోషించింది. తాంబూలం పళ్ళెంలోంచి ఆకులు, వక్క, పండు తీసి పేరిందేవి కొంగులో పెట్టబోయింది. పెట్టబోతూ, ఆ పక్కనే ముగ్గు మధ్య నిలబడ్డ ఎండుతీగను చూసింది.

"ఇదీ ఆ జాతి తీగలాగే ఉందే. ఇదెవరిది?"

"నాదేనమ్మా."

"అవతలి తీగకు అన్ని చేసినదానివి, మరి దీనికి పెంకులు ఎందుకు వెయ్యలేదు? బూడిద ఎందుకు చల్లలేదు? మేకను ఎందుకు తోలలేదు?"

ఊరి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. కొంగు పట్టి చాచిన చేతులు అలాగే ఉన్నాయి. చెప్పడానికి అబద్ధాలు చాలానే ఉన్నాయి. పెంకులు చాలలేదనవచ్చు. బూడిద అయిపోయిందనవచ్చు. తోడికోడలి మీద ప్రేమ ఎక్కువనవచ్చు, అది విని అందరూ కళ్ళు తుడుచుకునేవారు. కానీ నాంచారి ఎదురుగా నిలబడి ఉంది. అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు.

"నా తీగ చావాలని నేను కోరుకోలేదు కదమ్మా," అంది పేరిందేవి.

పాప ఒక్కతే ఏదో అంటోంది, దాని భాషలో. నాంచారి చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్ళింది. పెంకులు, బూడిద, మేక, ఒక్కొక్కటే ఆమెకు అర్థమవుతుండటం పేరిందేవి చూసింది. తల దించుకోలేదు. ఇంతకాలం గోడ చాటున చేసినదాన్ని ఇప్పుడు ఎదుట నిలబడి మొయ్యడమే మిగిలింది.

ఆడవాళ్ళలో ఒకామె, "ఎంత పని చేసిందమ్మా," అని మొదలుపెట్టబోయింది. రాణి చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇవాళ ఇక్కడ ఇద్దరు నిజం చెప్పారు," అంది. "ఒకరు తనను అడగకుండానే చెప్పారు, తాంబూలం పోతుందని తెలిసీ. ఒకరు అడిగితే చెప్పారు, పరువు పోతుందని తెలిసీ. తాంబూలాల వరస అదే. నాంచారి పెరట్లో చాపలు వెయ్యండి."

తొలి తాంబూలం నాంచారి కొంగులో పడింది. తరవాత రాణి పక్కకు జరిగి, పేరిందేవి ముందు నిలబడి, రెండోది ఇచ్చింది. పేరిందేవి దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. అవే ఆకులు. అదే వక్క. గుప్పెడు శనగలు, పక్కనామెకు వచ్చినన్నే.

నాంచారి మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. తన వైపు తిరగమని అడిగే హక్కు పేరిందేవికి లేదు. చివరికి పాప తల్లి ఒళ్ళోంచి జారి, తప్పటడుగులు వేస్తూ వచ్చి, పెద్దమ్మ ఒళ్ళోకి చెయ్యి పెట్టింది.

"శనగలు అడుగుతోంది," అంది నాంచారి, ఎటో చూస్తూ.

"దవడపళ్ళు రాలేదు కదే, నమలగలదా?"

"మెత్తగా చిదిపి పెట్టండి అక్కయ్యా."

పేరిందేవి ఒక్కొక్క శనగే పొట్టు తీసి, చిదిపి, పాప నోట్లో పెట్టింది. ఆ పేరంటంలో ముందు ఎవరు కూర్చున్నారో, వెనక ఎవరు కూర్చున్నారో, ఆమెకు మళ్ళీ గుర్తు రాలేదు.

పిల్లలూ, పక్కవారి పెరడు ఎండాలని కాచుకుని కూర్చున్న కంటికి, తన పెరడు ఎందుకు ఎండుతోందో కనిపించదు.